కుడిచేతి గ్లౌజు

బొటనవేలు ఒక్కటే మిగిలింది, కుడిచేతిది, అది కూడా సగం పైకి లేచింది, బస్సు ఇలాగే పెద్దగా కుదపకుండా పోతే పట్నం చేరేలోపు అయిపోతుంది, అయిపోవాలి, ఎందుకంటే రేపటి నుంచి ఈ బస్సులో కండక్టరమ్మ ఉండదు. సాయంత్రం బస్సులో ఉంటుంది కానీ, ఈలోపు పగలంతా క్లాసులే, సూది పట్టే వీలుండదు. నిన్న సాయంత్రం దిగబోతూ విన్నాను. ముందు సీట్లో కూర్చునే గొడుగు తాతయ్యతో అంటోంది, "రేపొక్కరోజే తాతా, ఆ తర్వాత నీ గోల ఇంకెవరైనా పడతారు" అని. ఎండలోనూ చలిలోనూ గొడుగు వదలని ఆ తాతయ్య, "ఎక్కడికి వేశారమ్మా నిన్ను?" అంటే, "చెప్తే నువ్వు జన్మలో బస్సెక్కవు" అని నవ్వింది. అప్పటికే నేను మెట్టు దిగేశాను. ఇంకొకరైతే వెనక్కి తిరిగి, ఎక్కడికి, ఎందుకు, మళ్లీ రారా అని అడిగేవాళ్లు. నేను నేలమీద నిలబడి బస్సు వెనకాల పొగ చూశాను, అంతే. ఇంటికి నడుస్తుంటే దారంతా అడగాల్సిన మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నాకు మాటలు ఎప్పుడూ అంతే, బస్సు వెళ్లిపోయాక వస్తాయి.

మూడు సూదుల మీద కుట్లు, నాలుగో సూది చేతిలో. బస్సు గుంతలో పడినప్పుడల్లా సూదులు ముళ్లపంది ముళ్లలా లేస్తాయి, పక్కన ఎవరూ కూర్చోకపోవడమే మంచిదయ్యింది. కిటికీ అద్దం పూర్తిగా మూసుకోదు, ఆ సందులోంచి చలి సన్నగా మెడమీద పడుతోంది, తడిగుడ్డ వేసినట్టు. ఊలు ముదురు ఎరుపు. కొన్నది కాదు, నా చిన్నప్పటి స్వెటర్ విప్పిన ఊలు. విప్పినప్పుడు సేమ్యాలా వంకర్లు తిరిగి ఉంటే పెద్దమ్మ దాన్ని చిలపలుగా, వదులు చుట్టలుగా చుట్టి, నీళ్లలో ముంచి, కింద రాయి కట్టి ఆరేసింది. "ఊలుకి పాత బట్ట గుర్తుంటుందే, అది మర్చిపోయేదాకా కొత్తది మొదలుపెట్టకూడదు" అంది. మా అమ్మకి అక్క ఆవిడ, మా వీధిలోనే ఉంటుంది, ఒక కన్ను సరిగ్గా కనపడదు కానీ అల్లికలో తప్పు మాత్రం రెండో గదిలోంచి పట్టేస్తుంది. ఎవరికే ఈ గ్లౌజులు అని అడిగితే నాకే అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, అరచేతిలో అరచెయ్యి పెట్టి చూసి, "ఓహో, నీ చెయ్యి ఎప్పుడు పెరిగిందే ఇంత? కాలేజీలో చేతులకి కూడా చదువు చెప్తున్నారా?" అంది. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. "సర్లే, ఎవరికైనా కానీ. కొలత తెలీకుండా అల్లితే మాత్రం మనిషికి పట్టదు, పిల్లికి టోపీ అవుతుంది."

కొలత నాకు తెలుసు. దాన్ని దొంగతనంగా తీసుకున్నాను. బస్సులో నిలబడ్డప్పుడు పట్టుకునే కడ్డీ ఉంటుంది కదా, కండక్టరమ్మ నా పక్కన ఆగినప్పుడల్లా ఆమె చెయ్యి నా చేతికి పైన ఆ కడ్డీమీద పడేది. ఆమె వేళ్లు కడ్డీని చుట్టి వచ్చి బొటనవేలిని తాకుతాయి, నావి తాకవు, మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ ఎంతో అంత పెంచాను. ఉంగరపు వేలు చూపుడువేలికంటే పొడుగు. చిటికెన వేలు కొంచెం బయటికి వంగి ఉంటుంది, ఎప్పుడో తలుపులో పడి విరిగిందట, తాతయ్యతో చెబుతుంటే విన్నాను. నేను విన్నవన్నీ ఇలాగే, వేరేవాళ్లకి చెబుతున్నప్పుడు విన్నవి. అందుకే చిటికెన వేలికి బయటివైపు ఒక కుట్టు ఎక్కువ వేశాను, వంకరకి చోటు ఉండాలని. ఆ కుట్టుని పెద్దమ్మ వేలితో తడిమి వదిలేసింది.

ఎందుకు అల్లుతున్నానో అమ్మకి తెలుసు. అమ్మ కోళ్ల ఫారంలో గుడ్లు ఏరే పనికి వెళ్తుంది, నాకంటే ముందే ఇంట్లోంచి బయలుదేరుతుంది. కండక్టరమ్మ కోటు ఉతికింది అమ్మే. ఆ రోజు నాకు లెక్కల పరీక్ష. బస్సులో సూత్రాలు వల్లె వేసుకుంటూ వచ్చాను, కాలేజీ స్టాపు దగ్గరపడుతుంటే లేచి తలుపు వైపు నడిచాను, బస్సు నిండా జనం, ఫారం వాళ్లూ, పాలక్యాన్ల వాళ్లూ, మా కాలేజీ అబ్బాయిలూ. నా వెనకాల ఎవరో చాలా దగ్గరగా వచ్చి నిలబడ్డారు. కండక్టరమ్మ. తన ఖాకీ కోటు విప్పి నా నడుం చుట్టూ వేసి, రెండు చేతులూ ముందుకి లాగి ముడివేస్తూ, బస్సంతా వినపడేలా, "అబ్బబ్బ, ఈ కోటుతో ఉక్కపోసి చస్తున్నా, కాస్త నువ్వు మొయ్యవే తల్లీ, సాయంత్రం తీసుకుంటా" అంది. బయట మంచు. అద్దాలమీద చెమ్మ కారుతోంది. డ్రైవరు గారు అద్దంలోంచి చూసి, "ఉక్కపోతా? జ్వరమొచ్చిందా నీకు?" అన్నారు. ఆమె నా చెవి దగ్గర, పెదవులు కదలకుండా, "వెనక్కి చూసుకోకు. నడువు" అంది. అప్పటిదాకా నాకే తెలీదు. ఆ నెల అది తొందరగా వచ్చింది. నేను వెనక్కి చూసుకోలేదు, నడిచాను, నేరుగా కాలేజీ బాత్రూమ్‌కి వెళ్లాక అప్పుడు తెలిసింది, అక్కడ తలుపు గడియపెట్టి ఏడవలేదు కూడా, ఎందుకో కోటు ముడి గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

సాయంత్రం బస్సులో ఆమె చొక్కాతోనే ఉంది. కోటు ఇవ్వడానికి లేదు, ఉతకాలి. నా మొహం చూసి, నేనేమీ అనకముందే, "తొందరేం లేదు" అని టికెట్ చింపి చేతిలో పెట్టింది. అమ్మ ఆ పూటే ఉతికింది, కానీ అంత మందం గుడ్డ, ఎండ లేని రోజులు, ఆరదు. పొయ్యి పక్కన కుర్చీమీద వేసి అటూ ఇటూ తిప్పుతూ ఆరబెట్టాం. అది ఆరేదాకా ఆమె చొక్కాతోనే డ్యూటీ చేసింది. రెండు స్టాపుల మధ్య వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకునేది, చంకల కింద పెట్టుకునేది, మళ్లీ తీసి టికెట్లు. వేళ్ల చివర్లు పగిలి ఎర్రగా ఉండేవి. నేను కిటికీలోంచి చూస్తున్నట్టు కూర్చుని ఆ వేళ్లనే చూసేదాన్ని. కోటు తిరిగి ఇచ్చినప్పుడు పొగ వాసన వేసింది. ఆమె తొడుక్కుని, కాలర్ వాసన చూసి, "ఏంటిది, నా కోటుని వేపుడు చేశారా?" అంది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎలా ఉన్నావని అడగలేదు, జాగ్రత్తగా ఉండమని చెప్పలేదు, అందరి ముందూ నావైపు చూసి అర్థమయ్యేలా నవ్వలేదు. మర్నాడు నేను బస్సెక్కితే అందరినీ చూసినట్టే చూసింది. ఆ చూపు వల్లే నేను మళ్లీ ఆ బస్సు ఎక్కగలిగాను, లేకపోతే చదువు మానేసి అమ్మతో ఫారానికి పోయేదాన్నేమో. కొంతమంది సాయం చేసి పదిసార్లు గుర్తుచేస్తారు, పెట్టిన చెయ్యి తియ్యరు. ఈమె చేసి, చెయ్యి తీసేసుకుంది. మరి అలాంటి దానికి కృతజ్ఞతలు ఎలా చెప్పాలి? చెబితే ఆమె కప్పినదాన్ని నేనే మళ్లీ తెరిచినట్టు కాదా? అమ్మ కూడా ఇదే అంది ఒకరోజు, గుడ్ల బుట్ట కడుగుతూ, "ఆవిడకి ఏదైనా ఇవ్వాలే. ఏమీ అనకుండా ఇచ్చేది ఏదైనా." అప్పుడు తోచింది గ్లౌజులు. గ్లౌజులు ఇస్తే చలికి ఇచ్చినట్టే ఉంటుంది.

"దిగేవాళ్లు దిగండి, ఎక్కేవాళ్లు ఎక్కండి, మధ్యలో వేలాడేవాళ్లు ఏదో ఒకటి తేల్చుకోండి!" కండక్టరమ్మ గొంతు. వంతెన స్టాపు వచ్చేసింది అంటే సగం దారి అయిపోయింది. బొటనవేలు ఇంకా గోరు దాకా రాలేదు. తల ఎత్తకూడదు అనుకుంటూనే ఎత్తాను. ఆమె డ్రైవరు సీటు వెనకాల కడ్డీకి ఆనుకుని చేతులు రుద్దుకుంటోంది. డ్రైవరు గారు గేరు మార్చి, అరచేతికి తోలు కుట్టిన తన కుడిచేతి గ్లౌజు పళ్లతో లాగి ఆమె వైపు విసిరారు. "తొడుక్కో కాసేపు. ఆ ఊదడం చూడలేకపోతున్నా, పొయ్యి ముందు కూర్చున్నట్టు." ఆమె తొడుక్కుంది. ఎక్కినావిడ ఎవరో రెండు టికెట్లు అడిగింది. కండక్టరమ్మ టికెట్ల కట్ట ఎడమచేతిలో పట్టుకుని కుడిచేత్తో చింపబోయింది, పట్టు దొరకలేదు, మళ్లీ చింపబోయింది, నాలుగు టికెట్లు ఒక్కసారే లేచాయి, కట్ట చేతిలోంచి జారి కింద పడింది. "ఇదిగో నీ గ్లౌజు, నీకో దండం!" అని తీసి ఆయన ఒళ్లో పడేసింది. "వేళ్లు మూసుకుని ఈ పని చేసేదెట్లా అన్నా? చలికి వేళ్లు పోయినా పర్లేదు, టికెట్ పోతే నా ఉద్యోగం పోతుంది." "మంచికి పోతే చెడు ఎదురైనట్టుంది" అని డ్రైవరు గారు గొణిగారు. గొడుగు తాతయ్య వంగి టికెట్ల కట్ట తీసిచ్చాడు.

నా చేతుల్లో సూదులు ఆగిపోయాయి. ఒళ్లో ఎడమచేతి గ్లౌజు పడుకుని ఉంది, అయిదు వేళ్లూ నిండుగా, చివర్లు నున్నగా మూసుకుని, ఒక్కో చివరా కుట్లన్నిటిలోంచి దారం తీసి బిగించి లోపల ముడేసి. ఎంత అందంగా వచ్చాయి ఆ చివర్లు. వేళ్లు అల్లడమే అన్నిటికంటే కష్టం, అరచెయ్యి ఎవరైనా అల్లుతారు, పెద్దమ్మ మెచ్చుకుంది ఆ చివర్లనే. ఇన్నాళ్లు ఆ వేళ్లనే చూశాను కదా, చలికి ఎర్రబడటం చూశాను, పగలడం చూశాను, వంకర చూశాను. అవి ఏం చేస్తున్నాయో మాత్రం చూడలేదు. ఆమె ఎప్పుడూ గ్లౌజులు ఎందుకు వేసుకోదో నాకు ఒక్కసారీ అనుమానం రాలేదు, లేవు కాబట్టి వేసుకోవట్లేదనుకున్నాను. ఆమె చేతులు నాకు జాలిపడటానికి ఉన్నట్టు చూశానా? ఈ గ్లౌజు ఇస్తే తీసుకుంటుంది, బాగుందంటుంది, ఇంటికి తీసుకెళ్లి ఎక్కడో పెడుతుంది, పొద్దున్నే మళ్లీ ఉత్త చేతులతో బస్సెక్కుతుంది, ఏదో ఊళ్లో, ఏదో బస్సు. ఇవ్వకుండా ఊరుకుంటే? ఊరుకోవచ్చు. నేను ఊరుకుంటే ఎవరికీ తెలీదు, నాకు అలవాటే. కానీ రేపు ఉండదు. రేపు ఇదే సీట్లో కూర్చుని, ఇదే సందులోంచి చలి వస్తుంటే, ఎవరో వేరే ఆయన టికెట్ ఇస్తాడు.

విప్పాలి. అరచేతి నుంచి వేలి చివరికి అల్లింది కాబట్టి చివర నుంచి విప్పితే జలజలా వస్తుంది, అంతవరకు నయం. బొటనవేలు ఎక్కడిదాకా వచ్చిందో అక్కడే ఆపి కుట్లు మూసేశాను. ఇక చూపుడువేలు. లోపలి ముడి గోటితో వెతికి, పళ్లతో కొరికాను. నోట్లో ఊలు పీచు. దారం లాగితే ఒక్కో వరస విడిపోతూ వస్తోంది, చిన్న చిన్న పళ్లు ఊడినట్టు, లాగుతూనే ఉన్నాను, మధ్య కణుపు దాకా. కుట్లని సూదుల మీదికి ఎక్కించుకోవాలి, బస్సు అప్పుడే మలుపు తిరగాలా, రెండు కుట్లు జారి కిందికి పరిగెత్తాయి, వాటి వెనకాల సూది మొనతో నేను. దొరికాయి. ఇప్పుడు అంచు కట్టాలి, మరీ బిగిస్తే వేలు కోసుకుంటుంది, వదులైతే జారుతుంది. మధ్యవేలు కూడా విప్పాలి, టికెట్ చింపేటప్పుడు అది కూడా పనిచేస్తుంది, ఇప్పుడు చూస్తున్నాను, బొటనవేలూ చూపుడువేలూ పట్టుకుంటాయి, మధ్యవేలు కింద నుంచి ఒత్తుతుంది. ఆమె టికెట్ చింపడం ఎంత బాగుంటుంది, చప్పుడు కూడా రాదు. ఇంతకాలం చూడనేలేదు. ఎడమచేతికి ఏం కావాలి? టికెట్ల కట్టని బొటనవేలితో తోస్తుంది, నోట్లు నిలువుగా మడిచి వేళ్ల సందుల్లో పెట్టుకుంటుంది. అంటే దానికి కూడా విప్పాలి. పెద్దమ్మ చూస్తే ఏమంటుంది? కానీ టైము లేదు, మిల్లు గోడ కనపడుతోంది, దాని తర్వాత సినిమా హాలు, ఆ తర్వాత మా కాలేజీ. కుడిది అయినా అవ్వాలి.

"ఏమే, అల్లుతున్నావా, విప్పుతున్నావా?"

కండక్టరమ్మ వచ్చి నా పక్క సీట్లో కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు. టికెట్లు అయిపోయినట్టున్నాయి. "ఎక్కినప్పుడు చూస్తే అల్లుతున్నావ్. ఇప్పుడు చూస్తే ఊడపీకుతున్నావ్. ఇది మా ఆఫీసు పని లాగుందే" అంది.

నేను ఎడమచేతి గ్లౌజు తీసి ఆమె ఒళ్లో పెట్టాను. "మీకే" అన్నాను. అన్నానో లేదో నాకే తెలీలేదు, కానీ ఆమె విన్నట్టుంది, నవ్వు ఆగిపోయింది. గ్లౌజు అటూ ఇటూ తిప్పి చూసి తొడుక్కుంది. పట్టింది. చిటికెన వేలు దగ్గర ఒక్క క్షణం ఆగి, వంచి చూసుకుంది, చాపి చూసుకుంది.

"నువ్వే అల్లావా?"

తలూపాను. తర్వాత ఏమయ్యిందో, నోరు తెరిచాను, మూసుకోలేదు. ఇది ఇంకా అవ్వలేదండీ, వేళ్లు మూసేసి అల్లాను, టికెట్ చింపాలంటే వేళ్లు బయటికి ఉండాలి కదా, ఇందాక డ్రైవరు గారి గ్లౌజు వేసుకుంటే కట్ట పడిపోయింది కదా, అప్పుడు తెలిసింది, అందుకే కుడిచేతివి మూడు వేళ్లు విప్పేశాను, ఎడమచేతివి కూడా విప్పాలి, మీరు నోట్లు పెట్టుకుంటారు కదా వేళ్ల మధ్య, రేపు మీరు రారు కదా, అందుకని తొందరగా, అంచు ఇంకా కట్టలేదు, ఇంకొంచెం సేపు ఉంటే... ఊపిరి అయిపోయి ఆగాను. ముందు సీట్లోంచి గొడుగు తాతయ్య పూర్తిగా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

కండక్టరమ్మ నన్ను చూసి, గట్టిగా నవ్వేసింది. "అయ్యో పిచ్చిదానా, రేపట్నుంచి నేను టికెట్లు చింపేది లేదే! డ్రైవరుగా వేశారు నన్ను. పరీక్ష పాసయ్యా. రేపట్నుంచి స్టీరింగ్!"

"అదా సంగతి!" అన్నాడు తాతయ్య. "ఇదా నిన్న దాచింది? నువ్వు బస్సు నడిపితే నేనెక్కనమ్మా, ముందే చెబుతున్నా."

"ఎక్కకు తాతా. గొడుగు వేసుకుని రోడ్డు పక్కన నడుచుకుంటూ రా, హారన్ కొట్టి మరీ దాటుకుపోతా."

"నా రూటు మాత్రం అడక్కు" అన్నారు డ్రైవరు గారు ముందు నుంచి.

"నీ గుంతలు నాకెందుకన్నా, నువ్వే ఏలుకో!"

అందరూ నవ్వుతున్నారు. నేను ఒళ్లో చూస్తున్నాను, విప్పిన ఊలు సీటు కింద దాకా పోయింది, మూడు మొండి వేళ్ల గ్లౌజు, మధ్యవేలి కుట్లు ఇంకా సూదుల మీదే. స్టీరింగ్ పట్టుకునేవాళ్లకి వేళ్లు మూసే ఉండాలి. ముందు అల్లినట్టే ఉంచి ఉంటే సరిపోయేది. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు, నవ్వూ రాలేదు. ఆమె నవ్వడం ఆపి నా వైపు వంగింది. "ఇంత పని... ఎందుకే?" అని నెమ్మదిగా అడిగింది.

చలికి అని చెబుదామనుకున్నాను. అదే కదా అనుకున్న జవాబు. నా చూపు మాత్రం ఆమె కోటు మీదికి పోయింది, పోయి అక్కడే ఉండిపోయింది. ఆమె కూడా కోటు వైపు చూసుకుంది. గ్లౌజు వేసుకున్న చేత్తోనే కాలర్ సర్దుకుని పై గుండీ పెట్టుకుంది, ఊలు వేళ్లతో ఆ గుండీ ఒక పట్టాన దూరలేదు, అయినా వదల్లేదు, పెట్టుకుంది. తర్వాత నా ఒళ్లోంచి కుడి గ్లౌజు సూదులతో సహా జాగ్రత్తగా ఎత్తి నా సంచీలో పెట్టింది.

"ఇది వేళ్లు పూర్తిచేసి ఇవ్వు. ఎడమది నేను వేసుకుంటా. ఒంటి చేతి గ్లౌజుతో తిరిగితే జనం నవ్వుతారు, మరి ఆలస్యం చెయ్యకు."

"ఎక్కడ ఇవ్వాలి?" అన్నాను.

"ఏ రూటు ఇస్తారో నాకే తెలీదు. డిపోకి వచ్చి అడుగు. లేడీ డ్రైవర్ ఎక్కడంటే ఎవరైనా చెబుతారు, అక్కడున్నది నేనొక్కదాన్నే." లేచి నిలబడి గొంతు సవరించుకుంది. "కాలేజీ, కాలేజీ! పుస్తకాలు మర్చిపోండి, టిఫిన్ డబ్బాలు మర్చిపోకండి!"

డిపో అంటే పట్నానికి ఆ చివర. నేను ఎప్పుడూ పోలేదు. అక్కడ ఎంతమంది మగవాళ్లు ఉంటారో, టీలు తాగుతూ, బస్సుల మధ్య. గేటు దగ్గర ఎవరినో ఆపి అడగాలి. మెట్టు దిగుతూ ఇదే అనుకుంటున్నాను. కింద నిలబడి వెనక్కి తిరిగాను. ఆమె తలుపు దగ్గరే ఉంది, ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని, ఎర్ర గ్లౌజుతో. "పోనీ అన్నా!" బస్సు ఒక్క ఊపుతో కదిలింది, ఆ ఊపుకి ఆమె చెయ్యి కడ్డీమీద సర్రున జారింది. కుడిచేత్తో, ఉత్త చేత్తో, గబుక్కున పట్టుకుని నిలదొక్కుకుంది. నన్ను చూసి ఏం కాలేదన్నట్టు ఎర్ర చెయ్యి ఊపింది.

ఊలు జారుతుంది. ఇనుము మీద జారింది అంటే స్టీరింగ్ మీద కూడా జారుతుంది. రేపు పొద్దున్నే, కొత్త బస్సు, కొత్త రోడ్డు, మంచు. మళ్లీ తప్పే చేశాను, ఈసారి వేళ్లు కాదు, అరచెయ్యి. అరచేతికి తోలు వేసి కుట్టాలి, డ్రైవరు గారి గ్లౌజుకి ఉన్నట్టు. రెండింటికీ. ఎడమది ఆమె దగ్గరే ఉంది, రేపు అది వేసుకోవద్దని చెప్పాలి, అంటే ఇవాళే చెప్పాలి, సాయంత్రం బస్సే ఆమెకి ఇక్కడ ఆఖరి డ్యూటీ, అందులో ఉంటుంది. కాలేజీ గంట మోగుతోంది, అమ్మాయిలు నన్ను దాటుకుని గేటులోకి పరిగెడుతున్నారు. గేటు పక్కన చెప్పులు కుట్టే ఆయన అప్పుడే పట్టా పరిచి పనిముట్లు సర్దుకుంటున్నాడు. రోజూ ఆయన ముందు నుంచే పోతాను.

"తోలు ముక్కలు ఉంటాయా? పల్చగా ఉండాలి. పట్టుకుంటే జారకూడదు."

"ఏం కుడతావమ్మా?"

సంచీలోంచి గ్లౌజు తీసి అరచెయ్యి వైపు తిప్పి చూపించాను. ఆయన సూదులు తగలకుండా పట్టుకుని, మొండి వేళ్లలో తన వేలు పెట్టి చూసి, "ఎవరిదిది?" అన్నాడు.

"మా అక్కది" అన్నాను. "బస్సు నడుపుతుంది."

ఆయన ముక్కల సంచీ నా ముందు బోర్లించాడు. నేను కింద కూర్చుని ఒక్కొక్కటీ చేత్తో పట్టి చూడటం మొదలుపెట్టాను.